వాషింగ్టోనియానా, ట్రాకీకార్పసా? మంచు పడే చోట ఏది మేలు

మంచు పడే చోట పామ్ చెట్టు పెంచాలనుకునేవాళ్ళు ఎన్ని రకాలు చూసినా చివరికి ఈ రెండిటి దగ్గరే ఆగిపోయి నన్ను అడుగుతుంటారు. నేను రెండూ పెట్టాను, ఒకే మడిలో, నాలుగడుగుల దూరంలో. వాషింగ్టోనియా మూడో చలికాలంలో పోయింది, ట్రాకీకార్పస్ ఉంది, ఖాళీ అయిన చోట ఈ మధ్యే ఇంకో ట్రాకీకార్పస్ పెట్టాను. అంటే నా మొగ్గు ఎటో తెలిసిపోయింది, కానీ వాషింగ్టోనియా కూడా గొప్ప చెట్టే, దానికి సరిపడే చోటు వేరు.

ముందు మీరు కొంటున్నది ఏదో చూసుకోండి. రెండిటికీ తాటాకులా విసనకర్ర ఆకులే కాబట్టి చిన్న కుండీల్లో లేబుళ్ళు తారుమారు కావడం మామూలే. మట్ట అంచు వెంట వేలు జరపండి. వంకర తిరిగిన ముళ్ళు రంపం పళ్ళలా తగిలి, ఆకు చీలికల మధ్య తెల్లటి దారాలు వేలాడుతుంటే వాషింగ్టోనియా. అంచు కాస్త గరుగ్గా మాత్రమే ఉండి, మొదలు చుట్టూ గోనె చుట్టినట్టు గోధుమరంగు పీచు ఉంటే ట్రాకీకార్పస్. ముళ్ళు తిన్నగా ఆకు వైపు చూస్తూ, మొదట్లోంచి పిలకలు వస్తుంటే అది ఈ రెండూ కాదు, కామెరాప్స్ అనే ఇంకో పామ్.

వాషింగ్టోనియాలో మళ్ళీ రెండు రకాలు, రోబస్టా, ఫిలిఫెరా. రోబస్టా అంటే బలమైనది అని అర్థం గానీ సన్నటి కాండంతో 25 మీటర్లు దాటి పోయేది అదే, లాస్ ఏంజిలిస్ వీధుల్లో ఆకాశంలోకి నిలబడి కనిపించేవి ఎక్కువగా ఇవే. లేతప్పుడు మట్ట మొదలు ఎర్రగా ఉంటుంది, ఆకు నిగనిగలాడే పచ్చ. ఫిలిఫెరా కాండం లావు, ఆకు బూడిద పచ్చ, చెట్టు పెద్దదైనా దారాలు నిలిచి ఉంటాయి. చలికి రోబస్టా కంటే ఫిలిఫెరా నయం. అయితే విత్తనాల నుంచి వచ్చిన మొక్కల్లో రెండూ కలిసిన సంకరాలు చాలా ఉంటాయి, కాబట్టి ఫిలిఫెరా అన్న పేరు చూసి మరీ ధైర్యపడొద్దు.

ఇక అసలు సంగతి. అందరూ మైనస్ ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుంది అనే అడుగుతారు. బాగా వేళ్ళూనిన ట్రాకీకార్పస్ మైనస్ 15 వరకు, ఫిలిఫెరా మైనస్ 8, 10 వరకు, రోబస్టా మైనస్ 5 దగ్గర ఇబ్బంది పడుతుంది అని చెప్పుకుంటారు. ఈ లెక్కలు తప్పు కావు, కానీ నా దృష్టిలో తేల్చేది ఇవి కాదు, ఆ చలిలో తడి ఎంత అన్నదే. పామ్ చెట్టుకు పెరిగే చోటు కాండానికి ఒక్కటే, మొవ్వు. మామిడి కొమ్మ విరిగితే పక్కనుంచి చిగురేస్తుంది, ఒంటి కాండం పామ్‌కు మొవ్వు కుళ్ళితే ఇంకేమీ లేదు. ఫిలిఫెరా ఎడారి ఊటల దగ్గర పుట్టిన చెట్టు, అక్కడ రాత్రి గడ్డకట్టినా పొద్దున ఎండకి అంతా ఆరిపోతుంది. అదే చెట్టు వారాల తరబడి వాన, ముసురు, రెండు మూడు డిగ్రీల చలిలో నిలబడితే మొవ్వులో నీళ్ళు నిలిచి, ఒక రాత్రి మైనస్ 4కే లోపల దెబ్బ తిని బూజు పడుతుంది. నాది అలాగే పోయింది. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి, నడిమి ఆకు పట్టుకుని మెల్లగా లాగితే చేతిలోకి ఊడొచ్చింది, మొదలంతా మెత్తగా, కుళ్ళు వాసన.

ట్రాకీకార్పస్ చైనా కొండల చెట్టు, వానా చలీ కలిసి ఉండడం దానికి కొత్త కాదు. మొక్కలు సేకరించే రాబర్ట్ ఫార్చ్యూన్ 1849లో ఇంగ్లండ్‌కు పంపిన దగ్గర్నుంచి ఆ తడి చలికాలాల్లో ఆరుబయటే బతుకుతోంది. ఇంకో మేలు, ఎండాకాలం చల్లగా ఉన్నా పెరుగుతుంది. వాషింగ్టోనియాకు చలికి మాడిన ఆకుల చోట కొత్తవి రావాలంటే గట్టి వేసవి కావాలి, అది లేకపోతే ఏటికేడు నీరసపడుతుంది.

మీ చోట చలికాలం పొడిగా, వేసవి మండేలా ఉంటే మాత్రం నా మాట వినకుండా ఫిలిఫెరా పెట్టండి. దాని వేగం ముందు ట్రాకీకార్పస్ నిలవదు, అంత ఎండలో ట్రాకీకార్పస్ ఆకులు అంచులు మాడి దిగాలుగా కనిపిస్తాయి. గాలి ఎక్కువైన చోట ట్రాకీకార్పస్ పెద్ద ఆకులు చిరిగిపోతాయి, అక్కడ దానిలోనే వాగ్నేరియానస్ అనే చిన్న బిరుసాకుల రకం మేలు. స్విట్జర్లాండ్‌లోని టిచీనో అడవుల్లోకి ట్రాకీకార్పస్ పక్షుల ద్వారా పాకిపోవడంతో 2024 సెప్టెంబర్ నుంచి ఆ దేశంలో దాన్ని అమ్మడం ఆపేశారు, కాబట్టి అడవి పక్కన ఉండేవాళ్ళు ఆడ చెట్టు గెలలు కాయ పండకముందే కోసేయాలి.

మిగతావి క్లుప్తంగా. కామెరాప్స్ కుండీకి బాగుంటుంది, పొద కావాలంటే అదే. కెనరీ ఖర్జూరం అందమైనదే, మైనస్ 7, 8 దాటితే కష్టం, ఎర్ర ముక్కు పురుగు దానికి పెద్ద శత్రువు. నీడిల్ పామ్ అన్నిటికంటే చలికి గట్టిది, ఎదుగుదల మాత్రం చాలా నెమ్మది.

ఏది పెట్టినా నేల వేడెక్కాకే నాటండి, శరత్కాలంలో నాటితే వేళ్ళు పట్టకముందే చలి మీద పడుతుంది. చలికాలం చివర్లో విచ్చుకోని నడిమి ఆకు మీద, దాని పక్క మట్ట మీద ఒకే ఎత్తులో మార్కర్‌తో గీత గీయండి. కొన్ని వారాలకు నడిమి గీత పైకి జరిగితే మొవ్వు బతికే ఉంది. జరగకపోతే మెల్లగా లాగి చూడండి.