క్షయ నిర్ధారణకు ఏది మేలు: సూక్ష్మదర్శినా, జన్యు పరీక్షా, పూర్తి జన్యుక్రమమా?

రెండు వారాలు దాటినా దగ్గు వదలని మనిషి తెమడ డబ్బాతో పరీక్ష కేంద్రానికి వచ్చినప్పుడు, ఆ కొద్దిపాటి తెమడను ముందుగా ఏ పరీక్షకు పంపాలన్న నిర్ణయం మీద ఆ మనిషి చికిత్సతోపాటు ఇంట్లో పక్కన పడుకునే పిల్లల ఆరోగ్యం కూడా ఆధారపడి ఉంటుంది. నేడు మన ముందు నాలుగు మార్గాలున్నాయి: సూక్ష్మదర్శిని కింద క్రిమిని కంటితో చూడటం, ప్రయోగశాలలో దాన్ని పెంచి చూసే కల్చర్, దాని డీఎన్‌ఏలోని ఒక చిన్న ముక్కను పట్టుకునే సీబీనాట్, ట్రూనాట్ వంటి జన్యు పరీక్షలు, చివరగా దాని జన్యుక్రమాన్ని, అంటే డీఎన్‌ఏలోని రసాయన అక్షరాల వరుసను, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవడం. అన్నిటికన్నా కొత్తది కాబట్టి చివరిదే మేలనుకోవడం తేలిక. అయితే ఎంత తక్కువ క్రిములున్నా పట్టుకోగలగడం, ఏ మందుకు లొంగదో చెప్పగలగడం, రోగి ఇంకా మనకు అందుబాటులో ఉండగానే జవాబు రావడం అనే మూడింటినీ కలిపి తూచి చూస్తే తీర్పు వేరుగా వస్తుంది.

సూక్ష్మదర్శిని పరీక్ష వయసు 140 ఏళ్లు దాటింది. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని లోకానికి చూపించిన కొద్ది కాలానికే సీల్, నీల్సన్ అనే ఇద్దరు జర్మన్ వైద్యుల పేరుమీద ఒక రంగు పద్ధతి స్థిరపడింది. మన ఆరోగ్య కేంద్రాల్లో చాలాచోట్ల ఇప్పటికీ దాదాపు అదే సాగుతోంది. ల్యాబ్ టెక్నీషియన్ తెమడలో పచ్చగా, చిక్కగా ఉన్న ముక్కను చీపురు పుల్లతో ఏరి, గాజు పలక మీద పలచగా పులిమి, ఆరబెట్టి, మంట మీదుగా పోనిస్తారు. దాని మీద ఎర్రటి కార్బల్ ఫుక్సిన్ పోసి, ఆవిరి లేచేదాకా కింద నుంచి వేడి చేసి, కడిగి, 25 శాతం గంధకామ్లం పోస్తారు. మిగతా కణాలన్నీ ఆ ఆమ్లానికి రంగు వదిలేస్తాయి గాని, మైనపు పొర కప్పుకున్న క్షయ క్రిమి వదలదు. చివర మిథిలీన్ బ్లూ పోసి చూస్తే నీలం మీద సన్నని ఎర్రటి పుల్లలు కనిపిస్తాయి. ఒక్కటీ కనిపించకపోతే, లేవని రాసే ముందు పలక మీద కనీసం 100 చోట్ల వెతకాలి. ఆ ఓపిక మీద ఎన్నో లక్షల ప్రాణాలు నిలిచాయి కాబట్టి ఈ పరీక్షను పాతదని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు.

ఖర్చు తక్కువ కావడం, అదే రోజు ఫలితం రావడం, కరెంటు పోయినా అద్దం మీద పడే వెలుతురుతో పని సాగడం దీని బలాలు. బలహీనతలు ఇంతకన్నా పెద్దవి. మిల్లీలీటరు తెమడలో కనీసం 5,000 నుంచి 10,000 క్రిములు ఉంటే గాని ఇది పట్టుకోలేదు. అందువల్ల కల్చర్‌లో క్షయ ఉన్నట్టు తేలిన వారిలో దాదాపు సగం మందికి సూక్ష్మదర్శిని కింద ఏమీ కనపడకపోవచ్చు. హెచ్ఐవీ ఉన్నవారి తెమడలో క్రిములు తక్కువగా ఉంటాయి, పిల్లలు తెమడను ఉమ్మకుండా మింగేస్తారు, కాబట్టి ఇది ఎక్కువగా తప్పిపోయేది ఆ బలహీనుల దగ్గరే. పైగా కనిపించిన ఎర్రటి పుల్ల మందుకు లొంగుతుందో లేదో చూపు చెప్పలేదు. మొండి టీబీ ఉన్న రోగి పలకా, మామూలు టీబీ ఉన్న రోగి పలకా ఒకేలా ఉంటాయి.

ఆ రెండు లోపాలనూ తీర్చేది కల్చర్. మిల్లీలీటరుకు 10 నుంచి 100 బతికున్న క్రిములు చాలు, అది పెంచి చూపిస్తుంది, ఏ మందు దగ్గర పెరుగుదల ఆగుతుందో కూడా చూపిస్తుంది. అందుకే మిగతా పరీక్షలన్నిటికీ దాన్నే ప్రమాణంగా పెట్టుకుంటారు. కాలమే దాని శత్రువు. పేగుల్లో ఉండే ఈ.కోలై అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకు రెండింతలవుతుంటే, క్షయ క్రిమికి 15 నుంచి 20 గంటలు పడుతుంది. గుడ్డుతో చేసిన గట్టి మాధ్యమంలో (క్రిమికి పెట్టే ఆహారంలో) ఫలితానికి మూడు నుంచి ఎనిమిది వారాలు, ద్రవ మాధ్యమంలో సుమారు పది రోజుల నుంచి ఆరు వారాల దాకా ఆగాలి. ఈలోపు ఆ మనిషి దగ్గుతూనే ఉంటాడు, పనికి పోతూనే ఉంటాడు, కొందరు ఊరే మారిపోతారు.

జన్యు పరీక్షలు వచ్చింది ఈ ఖాళీలోకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఆమోదించిన ఎక్స్‌పర్ట్ పరీక్షను మన దేశంలో సీబీనాట్ అంటున్నాం. తెమడను రసాయనంతో కలిపి, ఆడించి, పావుగంట ఆగి కార్ట్రిడ్జ్‌లో పోస్తే మిగతాదంతా యంత్రమే చేసుకుని సుమారు రెండు గంటల్లో రెండు జవాబులిస్తుంది: క్షయ ఉందా, ఉంటే రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన క్షయ మందుకు లొంగుతుందా. అది వెతికేది ఆర్‌పీఓబీ అనే జన్యువులోని 81 అక్షరాల చిన్న భాగాన్ని. రిఫాంపిసిన్‌ను తట్టుకునే క్రిముల్లో దాదాపు 95 శాతానికి మార్పు అక్కడే వస్తుంది కాబట్టి ఆ ఎంపిక తెలివైనదే. మిల్లీలీటరుకు 130 క్రిములే ఉన్నా పట్టుకుంటుంది, 2017లో వచ్చిన అల్ట్రా రకం 16 దాకా దిగింది. ఎన్నో అధ్యయనాలను కలిపి తూచిన 2019 నాటి కాక్రేన్ సమీక్ష లెక్కలో మొదటి రకం ఎక్స్‌పర్ట్ నూరుగురు ఊపిరితిత్తుల క్షయ రోగుల్లో సుమారు 85 మందిని పట్టుకుంది. క్షయ లేదని సూక్ష్మదర్శిని చెప్పిన రోగుల్లోనే మూడింట రెండు వంతుల మందిని పట్టుకుందన్నది అంతకన్నా గమనించదగ్గ సంగతి.

సీబీనాట్‌కూ ట్రూనాట్‌కూ మధ్య ఎంపిక వస్తే నా మొగ్గు ట్రూనాట్ వైపే. సీబీనాట్‌కు నిలకడైన కరెంటు, చల్లని గది కావాలి. మన వేసవిలో మండల కేంద్రంలో ఆ రెండూ ఎప్పుడూ దొరుకుతాయని చెప్పలేం. గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ రూపొందించిన ట్రూనాట్ బ్యాటరీ మీద నడుస్తుంది. ఒక చిన్న యంత్రం డీఎన్‌ఏను వేరు చేస్తుంది, అందులోంచి కొన్ని మైక్రోలీటర్లు చిప్ మీద వేస్తే గంటకు అటూ ఇటూగా క్షయ సంగతి తేలుతుంది, ఉన్నట్టయితే మరో చిప్‌తో ఇంకో గంటలో రిఫాంపిసిన్ సంగతి తెలుస్తుంది. చేతిపని కొంచెం ఎక్కువ, నిజమే. కానీ 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో చోటు దక్కించుకున్న ఈ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా వెళ్లగలదు, రోగిని జిల్లా ఆస్పత్రి దాకా నడిపించనక్కర్లేదు.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు దాచడం న్యాయం కాదు. చచ్చిన క్రిమిలోనూ డీఎన్‌ఏ ఉంటుంది కాబట్టి, చికిత్స పనిచేస్తోందా అన్న ప్రశ్నకు ఈ పరీక్షలు జవాబు చెప్పలేవు. మందులు వాడుతూ కోలుకుంటున్న మనిషికీ ‘ఉంది’ అని రావచ్చు. అక్కడ సూక్ష్మదర్శిని, కల్చర్‌లే దిక్కు. రెండో లోపం ఆఫ్రికాలోని స్వాజీలాండ్‌లో బయటపడింది, ఇప్పుడు ఆ దేశాన్ని ఎస్వాతిని అంటున్నారు. అక్కడ 2009 సర్వేలో సేకరించిన మొండి టీబీ క్రిముల్లో దాదాపు 30 శాతానికి ఆర్‌పీఓబీ జన్యువులో మార్పు ఉంది, కానీ అది యంత్రం చూసే 81 అక్షరాలకు బయట, 491వ స్థానంలో ఉంది. అలాంటి క్రిమిని పెట్టినప్పుడు యంత్రం రిఫాంపిసిన్‌కు లొంగుతుందనే చెబుతుంది, రోగి పనిచేయని మందును నెలల తరబడి మింగుతాడు. ఒక్క కిటికీలోంచి చూసినవాడికి ఇల్లంతా తెలియదు.

ఇల్లంతా చూడటం జన్యుక్రమంతోనే సాధ్యం. క్షయ క్రిమి జన్యుక్రమాన్ని 1998లో మొదటిసారి పూర్తిగా చదివారు. అందులో సుమారు 44 లక్షల అక్షరాలు, 4,000 జన్యువులు ఉన్నాయి. ఆపై రెండు దశాబ్దాలలో, ఏ మార్పు ఏ మందును ఎదిరిస్తుందో పోల్చి చూసే పని ఊపందుకుంది. 2018లో 16 దేశాల నుంచి సేకరించిన 10,209 క్రిముల మీద జరిగిన అధ్యయనంలో, జన్యుక్రమం చదివి ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ మందులకు లొంగని వాటిని 97 శాతానికి పైగా సరిగ్గా గుర్తించారు. పైరజినమైడ్ అనే మరో మందు విషయంలో అది 91 శాతమే. ఇంగ్లండ్ 2017 నుంచే దీన్ని రోజువారీ పరీక్షగా చేసుకుంది. దీనితో మరో ప్రయోజనం ఉంది. ఈ క్రిమి జన్యుక్రమంలో మార్పులు చాలా నెమ్మదిగా, సగటున రెండేళ్లకు ఒక అక్షరం చొప్పున వస్తాయి. అందువల్ల ఇద్దరు రోగుల క్రిముల మధ్య తేడా అయిదు అక్షరాలకు మించకపోతే ఈమధ్యే ఒకరి నుంచి మరొకరికో, లేదా ఇద్దరికీ ఒకే చోటి నుంచో సోకి ఉంటుందని ఊహించవచ్చు, పన్నెండు దాటితే ఆ అనుమానం వదిలేయవచ్చు. ఒకే హాస్టల్‌లో నలుగురికి క్షయ వచ్చినప్పుడు అది అక్కడే పాకిందా, ఎవరికి వారే ఇంటి నుంచి తెచ్చుకున్నారా అన్నది తేల్చడానికి ఇంతకు మించిన సాధనం లేదు.

అయినా దీన్ని మొదటి పరీక్షగా పెట్టాలనే వాదనను నేను ఒప్పుకోలేను. తెమడలో ఎక్కువగా ఉండేది మనిషి డీఎన్‌ఏ, క్రిమిది చాలా కొద్ది. అందుకే సాధారణంగా ముందు కల్చర్‌లో పెంచి, ఆ తర్వాతే పూర్తి జన్యుక్రమం చదువుతారు. అంటే కల్చర్‌కు పట్టే వారాలన్నీ ఇక్కడా పడతాయి. తెమడ నుంచే నేరుగా, మందులకు సంబంధించిన జన్యువులను మాత్రం చదివే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సిఫారసు చేసింది. అది మంచి మధ్యేమార్గమే గాని, దానికి తర్ఫీదు పొందిన మనుషులు, ఖరీదైన రసాయనాలు, కంప్యూటర్ విశ్లేషణ కావాలి.

అయితే ఒక చోట మాత్రం జన్యుక్రమం అత్యవసరం. మొండి టీబీకి ఇప్పుడు ఆరు నెలల్లో నయం చేసే కొత్త చికిత్స వచ్చింది, దానికి వెన్నెముక బెడాక్విలిన్. ఆ మందును ఎదిరించే మార్పులు ఆర్‌వీ0678 అనే జన్యువులో ఒకచోట కాకుండా పొడుగునా చెల్లాచెదురుగా వస్తాయి. 81 అక్షరాల కిటికీ లాంటిది అక్కడ పనికిరాదు, జన్యువంతా చదవాల్సిందే. ఎన్నో ఏళ్ల శ్రమతో దక్కిన మందును గుడ్డిగా వాడి పోగొట్టుకోవడం నన్ను నిజంగా భయపెడుతోంది.

కాబట్టి డబ్బు పరిమితంగా ఉన్న జిల్లా అధికారి నన్నడిగితే, ముందు ప్రతి మండలానికీ ట్రూనాట్ చేర్చమంటాను. సూక్ష్మదర్శినిని తీసేయకుండా, చికిత్సలో ఉన్నవారి తెమడ చూడటానికి ఉంచమంటాను. జన్యుక్రమ యంత్రం జిల్లాకొకటి అక్కర్లేదు, రాష్ట్రానికి ఒకటో రెండో బాగా నడిచేవి ఉంటే చాలు. రిఫాంపిసిన్‌కు లొంగదని తేలిన రోజే ఆ రోగి దగ్గర రెండో డబ్బా తెమడ తీసుకుని, ఐస్ పెట్టెలో ఆ ప్రయోగశాలకు పంపాలి, ఆ ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలి, జన్యుక్రమం వచ్చాక అవసరమైతే మందులు మార్చాలి. ఆ రెండో డబ్బా దారిలో ఎక్కడా ఆగిపోకుండా చూసే మనిషి జీతం కూడా ఆ అధికారి లెక్కలో ఉండాలి.