కన్ను తీయకుండా మాన్యువల్‌లో: రెండేళ్లు వాడిన డయల్ సెట్టింగులు

రెండు డయల్స్ ఉన్న మిర్రర్‌లెస్ కెమెరాని రెండేళ్లుగా మాన్యువల్‌లోనే, అంటే వెలుగు సెట్టింగులన్నీ చేత్తో పెట్టుకుంటూ వాడుతున్నాను. ఏ బటన్‌కి ఏ పని ఇవ్వాలో తేల్చుకునేందుకు నేను చూసేది ఒక్కటే: కన్ను వ్యూఫైండర్ మీద, చెయ్యి గ్రిప్ మీద ఉండగానే అది వేలికి అందాలి.

అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం సైజు) ముందు డయల్‌కి, షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) వెనక డయల్‌కి ఇచ్చాను. మాటిమాటికీ మార్చేది షట్టర్ స్పీడే కాబట్టి అది బొటనవేలి కింద ఉంటే చూపుడువేలు షట్టర్ బటన్ మీద నుంచి కదలనక్కర్లేదు. ఐఎస్ఓని (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) షట్టర్ బటన్ పక్కనున్న కస్టమ్ బటన్‌కి తెచ్చుకోండి. చూపుడువేలు నొక్కి పడుతుంది, బొటనవేలు తిప్పుతుంది. అదే బటన్ వెనక వైపు ఉంటే నొక్కడం, తిప్పడం రెండూ బొటనవేలి మీదే పడి గ్రిప్ జారుతుంది.

డయల్ తిరిగే దిశ కూడా సరిచూసుకోవాలి. చాలా కెమెరాల్లో కుడికి తిప్పితే షట్టర్, అపర్చర్ అంకెలు పెరిగి ఫొటో చీకటవుతుంది. ఐఎస్ఓ అంకె పెరిగితే మాత్రం వెలుగు పెరుగుతుంది. విడివిడిగా తిరగేసే వీలుంటే మూడింటినీ "కుడికి తిప్పితే వెలుగు" అని ఒకే దారిలో పెట్టుకోండి. మొదటి వారం చెయ్యి తడబడుతుంది, ఆ తర్వాత ఆలోచించే పనే ఉండదు.

ఎక్స్‌పోజర్ స్టెప్‌ని, అంటే ఒక్క క్లిక్కుకి వెలుగు మారే మోతాదుని, 1/3 స్టాప్ నుంచి 1/2 స్టాప్‌కి మార్చాను (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం). 1/60 నుంచి 1/500కి వెళ్లడానికి 9 క్లిక్కులు పట్టేది 6కి తగ్గింది. వెలుగుని తర్వాత సరిదిద్దుకునే వీలున్న రా (RAW) ఫైళ్లు తీసేవాళ్లకి ఇది హాయి. జేపెగ్ నేరుగా ఇచ్చేవాళ్లు 1/3 వదులుకోవద్దు.

ఫోకస్‌ని వెనక ఏఎఫ్ (ఆటోఫోకస్) బటన్‌కి ఇస్తే, షట్టర్ సగం నొక్కినప్పుడు జరిగే ఫోకస్‌ని మెనూలో తప్పనిసరిగా ఆపేయాలి. లేకపోతే క్లిక్కుమనే క్షణంలో ఫోకస్ మళ్లీ వెతుక్కుంటుంది. కెమెరా వేరేవాళ్ల చేతికిచ్చేటప్పుడు మాత్రం తిరిగి ఆన్ చేయండి. లేదంటే ఫొటోలన్నీ మసకే.

చేత్తో ఫోకస్ చేసే మాన్యువల్ లెన్స్ వాడేవాళ్లు మాగ్నిఫికేషన్‌కి (దృశ్యాన్ని పెద్దది చేసి చూపడానికి) ఒక బటన్ కేటాయించాల్సిందే. ఎఫ్/1.4 దగ్గర పీకింగ్ రంగు (ఫోకస్‌లో ఉన్న అంచులకి కెమెరా పూసే రంగు) కనురెప్పకీ ముక్కు కొనకీ ఒకేలా అంటుకుంటుంది. పెద్దది చేసి చూస్తే తప్ప నిజంగా పదును ఎక్కడుందో తెలియదు.

ఫ్లాష్‌తో పనిచేసేవాళ్లకి ఇంకో బటన్ కావాలి. గదిలో 1/160, ఎఫ్/8, ఐఎస్ఓ 100 పెడితే వ్యూఫైండర్ నల్లబడిపోతుంది, ఎందుకంటే కెమెరా చూపించేది ఫ్లాష్ లేని ఎక్స్‌పోజర్. ఆ ప్రివ్యూని ఆన్, ఆఫ్ చేసే పని లెన్స్ పక్కనున్న బటన్‌కి ఇచ్చాను. ఉంగరపు వేలికి చక్కగా అందుతుంది.

నాకు నచ్చనిది డయల్స్ మరీ వదులుగా ఉండటం. బ్యాగ్‌లోంచి తీసేటప్పుడే ఒకటి రెండు క్లిక్కులు తిరిగిపోతాయి. డయల్ లాక్‌ని ఒక బటన్‌కి ఇచ్చాక ఆ బెడద పోయింది. సెట్టింగులన్నీ కుదిరాక కస్టమ్ మోడ్ సీ1లో సేవ్ చేయండి. తర్వాత ఏదైనా మారిస్తే మళ్లీ రిజిస్టర్ చేయాలి; చేయకపోతే కొన్ని మోడళ్లలో కెమెరా ఆపగానే పాత సెట్టింగే తిరిగొస్తుంది.