పెద్ద రచయితల సలహాలతో కథలు రాయడం నేర్చుకున్నా: నాలుగేళ్ల తర్వాత నా రివ్యూ

ముందు చేసిన తప్పు చెప్తా. చదివిన సలహాలన్నీ మొదటి డ్రాఫ్ట్‌లోనే పాటించాలని కూర్చున్నా, దాంతో ఒక్కో వాక్యం రాసి కొట్టేసి మళ్ళీ రాసి, ఎనిమిది నెలల్లో ఒక్క కథ కూడా పూర్తి కాలేదు. ఈ సలహాల్లో ఎక్కువ భాగం దిద్దుకునేటప్పటికి పనికొచ్చేవి, రాసేటప్పుడు వాటిని పక్కన పెట్టేయాలి, ఇది ముందే ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేదో.

అమెరికన్ నవలా రచయిత స్టీఫెన్ కింగ్ మొదలుపెట్టేవాళ్ళకి రోజుకి 1000 పదాలు రాయమంటాడు. తెలుగులో ఆ లెక్క అచ్చంగా కుదరదండి, "చెప్పలేకపోయానన్నాడు" అనేది మనకి ఒకటే పదం, ఇంగ్లిష్‌లో నాలుగైదు అవుతాయి. నేను పదాలు లెక్కపెట్టడం మానేసి రోజుకో సీన్ అనుకున్నా, అప్పట్నుంచి పని సాగింది. ఆయనే చెప్పిన ఇంకో మాట, డ్రాఫ్ట్‌ని కనీసం 6 వారాలు ముట్టుకోవద్దు, తర్వాత 10 శాతం తగ్గించు అని. ఇది మాత్రం బంగారం. ఆరు వారాలయ్యాక చదివితే మన కథ వేరేవాళ్ళు రాసినట్టే ఉంటుంది, ఎక్కడ సాగదీశామో ఇట్టే తెలిసిపోతుంది.

క్రియా విశేషణాలు తగ్గించమనే సలహా మనకి "గా"ల మీద బాగా పనిచేస్తుంది. బాధగా, కోపంగా, నెమ్మదిగా, నా పాత కథల్లో పేజీకి పది ఉండేవి. "ఆయన బాధగా ఉత్తరం చదివాడు" అని రాసుకున్నా ఒకచోట. దిద్దేటప్పుడు "ఉత్తరం విప్పి, చదవకుండానే మళ్ళీ అదే మడత మీద మడిచాడు" అయింది. బాధ అనే మాట పోయింది, బాధ మాత్రం అక్కడే ఉంది, ఆ రోజు నాకెంత సంతోషమేసిందో. అలాగని అన్ని "గా"లూ తీసేస్తే భాష ఎండిపోతుంది, "ఊరికే అలా మెల్లగా నవ్వింది"లో మెల్లగా ఉండాల్సిందే.

రష్యన్ రచయిత చెహోవ్ 1889లో ఒక ఉత్తరంలో రాశాడు, ఎవరూ పేల్చని తుపాకీ స్టేజీ మీద పెట్టొద్దని, అంటే తర్వాత పనికి రానిది కథలో చూపించొద్దని, అది చిన్న కథకి చాలా మంచిది, నవలలో నాకు అంత బిగింపు అవసరమనిపించలేదు.

అమెరికన్ రచయిత హెమింగ్వే సలహా ఇప్పటికీ రోజూ వాడతా, తర్వాత ఏం జరుగుతుందో తెలిసినప్పుడే ఆపేయమని. నిన్న కూడా అమ్మాయి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుండగా ఆపేశా, ఇవాళ లోపల ఎవరున్నారో రాయాలి.