తద్దినం తిథా, మరణాల రిజిస్టరా: పూర్వీకుల ఆచూకీకి ఏది మేలు?

మా తాతయ్య తల్లి ఎప్పుడు పోయిందంటే ఇంట్లో అందరూ చెప్పేది ఒకటే: ఆశ్వయుజ బహుళ ఏకాదశి. ఏటా తద్దినం పెడుతూ వచ్చారు కాబట్టి తిథిలో పొరపాటు లేదు. ఏ సంవత్సరమో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

తిథి బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. నెల, పక్షం, తిథి వందేళ్లయినా చెదరవు. ఆబ్దికంలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రంతో సహా చెబుతారు. కానీ కింద ఒక తరం చేరగానే పైన ఒక పేరు జారిపోతుంది. పసితనంలో పోయిన పిల్లలు ఆ వరుసలోకే రారు. పెత్రమాసకో సంక్రాంతికో పెద్దలందరికీ కలిపి పెట్టుకునే ఇళ్లలో విడి తిథులూ ఉండవు.

గయ పండాల (అక్కడి తీర్థ పురోహితుల) పుస్తకాల్లో వంశం పేర్లు దొరకవచ్చు. అయితే అక్కడ తిథి రాసి ఉంటే, ఉత్తరాది లెక్కలో మన ఆశ్వయుజ బహుళం కార్తీకం కిందికి వస్తుంది, జాగ్రత్త.

రిజిస్టరుకు ఈ పక్షపాతం లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకు 1899లో చట్టం వచ్చింది. నిజాం ఏలిన తెలంగాణకు అది వర్తించలేదు. పుస్తకంలో పండు ముసలికీ పసిబిడ్డకీ చెరో వరుస. వయసు ఉజ్జాయింపే. కారణం దగ్గర 'జ్వరం' అని ఉంటే దాన్ని గట్టిగా నమ్మకండి; డాక్టరు చూడని ఊళ్లలో ఎన్నో జబ్బులు ఆ మాట కిందే చేరాయి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రుసుము కట్టి వెతికించుకోవచ్చు, నకలులో మాత్రం కారణం ఇవ్వరు. అసలు చిక్కు వేరే. పుస్తకాలు ఏడాది వారీగా ఉంటాయి. ఏడాది చెప్పకపోతే ఎవరూ ఏమీ తీయలేరు.

మా మేనత్తకు ఒక మాట గుర్తుంది: "కాళయుక్తిలో పోయిందనేవారు." ఆ తెలుగు సంవత్సరం పేరు 1918-19లో వచ్చింది, మళ్లీ 1978-79లో. తాతయ్య అప్పటికి చిన్నపిల్లాడు కాబట్టి మొదటిదే. ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లు తుడిచిపెట్టిన ఏడు అది. తిథిని పట్టుకుని లెక్కేస్తే అక్టోబరు చివర తేలింది.

రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే నేను రిజిస్టరే అంటాను, కానీ తిథి, సంవత్సరం పేరు కనుక్కోకుండా ఆఫీసుకు వెళ్లొద్దు. ఇంట్లో పెద్దవాళ్లను ముందు అడగండి, ఈ వారమే అడగండి.

రిజిస్టరులో ఆ అక్టోబరు పేజీలో తాతమ్మ దొరికింది. నాలుగు వరుసల కింద మళ్లీ మా ఇంటిపేరే, తండ్రి పేరు దగ్గర తాతమ్మ భర్త పేరే. వయసు రెండేళ్లు. పేరు రాయాల్సిన చోట 'ఆడపిల్ల' అని ఉంది. తాతయ్యకు ఒక చెల్లెలు ఉండేదని మాకెవరికీ తెలియదు.