గ్రిల్ మూతకి అంటించే మాగ్నెట్ లైటు కొనేముందు ఇది చదవండి

చీకటి పడ్డాక బయట గ్రిల్ చేసే అలవాటున్నవాళ్ళు, మూతకి అతుక్కునే మాగ్నెట్ లైటు కొందామని చూస్తుంటే కాస్త ఆగండి. నేను కొని డబ్బులు పోగొట్టుకున్నా. డబ్బులు పోతే పోయాయి, మా పాప ప్లేట్లోకి సరిగ్గా ఉడకని చికెన్ వెళ్ళింది, తల్చుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

నేను కొన్నది వెతగ్గానే పైన కనబడే రకమే. అడుగున మాగ్నెట్, ఎటు కావాలంటే అటు వంగే రెండు గొట్టాలు, వాటి చివర చిన్న చిన్న ఎల్ఈడీలు, లోపల చార్జింగ్ బ్యాటరీ. హీట్ రెసిస్టెంట్ అన్నారు, వాటర్‌ప్రూఫ్ అన్నారు, ఫొటోలో అయితే మండుతున్న గ్రిల్ మూత మీదే పెట్టి చూపించారు. రివ్యూలన్నీ బాగున్నాయి కదా అని కళ్ళు మూసుకుని ఆర్డర్ పెట్టేశా. తర్వాత వెనక్కెళ్ళి చదివితే సగం రివ్యూలు "ప్యాకింగ్ బాగుంది", "గిఫ్ట్ ఇచ్చాను" అనేవే, ఓ నాలుగైదు సార్లు నిప్పు దగ్గర వాడి రాసినవాళ్ళు ఒక్కరూ లేరు.

మొదటి రోజే ఒకటి అర్థమైంది. మూత మూసి ఉన్నప్పుడు లైటు బ్రహ్మాండంగా పడుతుంది, కానీ అప్పుడు చూడ్డానికి ఏముంటుంది? మూత ఎత్తగానే దాంతోపాటే లైటూ వెనక్కి వెళ్ళి ఆకాశం వైపు తిరుగుతుంది, ముక్కలు తిప్పాల్సిన టైముకి జాలీ మీద చీకటి. ప్రతిసారీ ఒక చేత్తో పట్టకారు, ఇంకో చేత్తో ఆ కాలిపోతున్న గొట్టం వంచుకోవడం. సరేలే అలవాటవుద్ది అనుకున్నా.

మూడోసారికి ప్లాస్టిక్ కాలిన వాసన మొదలైంది, నేను బొగ్గుల్లో ఏదో పడిందేమో అని చూస్తుండగానే లైటు మూత మీంచి మెల్లగా జారి పక్కనున్న చెక్క పలక మీద పడింది. అడుగున ప్లాస్టిక్ మెత్తబడి ఒక పక్కకి వాలిపోయింది. నిప్పుల్లో పడి ఉంటే లోపలున్నది లిథియం బ్యాటరీ, ఏమై ఉండేదో! చల్లారాక మళ్ళీ అంటిద్దామని చూస్తే నిలబడ్డం లేదు, మాగ్నెట్‌కి పట్టే పోయింది. ఇలాంటి వాటిలో ఎక్కువగా వాడేది నియోడిమియం మాగ్నెట్ అట, మామూలు రకమైతే 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం తగ్గిపోతుంది, చల్లారినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాదు. గ్రిల్ లోపల 200 డిగ్రీలు మామూలే, మూత ఇనుము 80 దాటడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి. బాక్సులో వచ్చిన మడత కాగితం భూతద్దం పెట్టి చదివినంత పని చేస్తే, చివర్లో "60 డిగ్రీల కంటే వేడి ఉపరితలాల మీద ఉంచరాదు" అని ఉంది. పేజీలో ఫొటో ఏమో మూత మీద! ఇది మోసం కాకపోతే ఏంటి.

అసలు నన్ను భయపెట్టింది మాత్రం ఆ లైటు రంగు. నీలం కొట్టే తెల్లటి వెలుగు అది. రెండోసారి వాడినప్పుడు కాళ్ళ ముక్కలు దాని కింద చక్కగా తెల్లబడ్డట్టు, కోసి చూస్తే లోపల కూడా బూడిద తెలుపులో ఉడికినట్టే కనబడ్డాయి. తీసి లోపలికి తీసుకెళ్ళా. పాప కొరకబోతుంటే వంటింటి బల్బు వెలుగులో ఎముక పక్కన గులాబీ రంగు కనబడింది, ప్లేటు లాక్కుని థర్మామీటర్ గుచ్చితే 58. చికెన్ లోపల 74 డిగ్రీలు రావాలి. అదృష్టం, ఇంకా ఎవరూ తినలేదు.

తర్వాత తెలిసిందేంటంటే చవక ఎల్ఈడీల్లో ఎరుపు పాలు చాలా తక్కువ ఉంటుంది, అసలు వెలుగులోనే ఎరుపు లేనప్పుడు మాంసంలో ఎరుపు మన కంటికి ఎక్కణ్ణుంచి కనబడుతుంది? దీనికి సీఆర్ఐ అని ఒక కొలత ఉంది, 100 అంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి. 90 పైన ఉన్నది చూసి తీసుకోండి, ఆ అంకె ఎక్కడా రాయకపోతే వదిలెయ్యండి. ఇంకోటి, ఎంత మంచి లైటైనా రంగు చూసి ఉడికిందని తేల్చకండి, ఉడికిన చికెన్ కూడా ఒక్కోసారి ఎముక దగ్గర గులాబీగానే ఉంటుంది. థర్మామీటర్ ఒక్కటే నమ్మకం, అది కూడా చీకట్లో అంకెలు వెలిగేది కొనుక్కోండి. నాదానికి ఆ వెలుగు లేకే ఆ రోజు బయట వాడకుండా లోపల వదిలేశా.

సెల్లర్ సంగతి రెండు ముక్కల్లో చెప్తా. ఫొటో పంపమన్నారు, పంపా, వీడియో కావాలన్నారు, అదీ పంపా, ఈలోపు రిటర్న్ గడువు అయిపోయింది. ఆఖరికి "వేడి వల్ల పాడైనవి వారంటీ కిందికి రావు" అని మెసేజ్. గ్రిల్ లైటుకి వేడి తగిలితే వారంటీ లేదంట!

ఇప్పుడు నేను వాడుతున్నది గ్రిల్‌ని అస్సలు ముట్టుకోని పద్ధతి. రెండు పక్కలా రెండు కర్రలు నిలబెట్టి, తల కంటే ఎత్తులో క్లాంపుతో బిగించిన రెండు లైట్లు. ఒక్కటే లైటు మన వెనకాల ఉంటే మన నీడే జాలీ మీద పడుతుంది, రెండు పక్కల నుంచి వస్తే ఒకదాని నీడని ఇంకోటి తీసేస్తుంది. నుదుటికి కట్టుకునే లైటు కూడా చూశా గానీ పొగ లేచినప్పుడు పొగమంచులో బండి హెడ్‌లైటు వేసినట్టు తెల్లటి తెర తప్ప ఏమీ కనబడదు. వెలుగు పసుపు వైపుందా, నీలం వైపుందా అని చెప్పే కెల్విన్ అంకె 3000 నుంచి 4000 మధ్యలో ఉన్నవి తీసుకున్నా, రంగులు బాగున్నాయి, పురుగులు కూడా ఆ నీలం లైటుకి వచ్చినంత రావట్లేదు. వాటర్‌ప్రూఫ్ అనే మాటని పట్టించుకోకండి, ఐపీ అంకె చూడండి, ఐపీ65 అంటే లోపలికి దుమ్ము పోదు, పైపుతో నీళ్ళు కొట్టినా తట్టుకుంటుంది. వైరు లైటైతే బయట వాడే వైరే వాడండి, షాక్ కొట్టకుండా కరెంటు కట్ చేసే ఆర్సీడీ లేని ప్లగ్గుకి మాత్రం పెట్టొద్దు.

మాగ్నెట్ లైటు ఇప్పటికే కొనేసినవాళ్ళు రిటర్న్ గడువు ఉందేమో ఇవాళే చూసుకోండి, ఆ మడత కాగితంలో డిగ్రీలు ఎంత రాశారో ఫొటో తీసి, పేజీలో మూత మీద పెట్టిన ఫొటో కూడా స్క్రీన్‌షాట్ తీసి రెండూ కలిపి పంపండి. నేను ఆ స్క్రీన్‌షాట్ తీసుకోలేదు, గొడవ మొదలయ్యాక వాళ్ళు ఆ ఫొటో మార్చేశారు.