బీచ్ స్టేషన్ దగ్గరి అత్తో బళ్లు: ఏం తినాలి, ఏం చూసి తినాలి

చెన్నై బీచ్ స్టేషన్‌లోంచి బయటపడి, రాజాజీ సాలై దాటి, సాయంత్రం పూట సెకండ్ లైన్ బీచ్ వీధిలోకి నడిస్తే ముందు తగిలేది వేగిన వెల్లుల్లి వాసన. ఆ తర్వాత బళ్లు కనిపిస్తాయి. నారింజ రంగు నూడుల్స్ గుట్ట, సన్నగా తరిగిన క్యాబేజీ, స్టీలు బేసిన్ నిండా వేయించిన ఉల్లిపాయ, పక్కన పొగలు కక్కే సూపు గిన్నె. సరుకు కోసం ఇక్కడి ప్యారీస్ కార్నర్ బజారుకి వచ్చే మన నెల్లూరు, చిత్తూరు వాళ్లు చాలామంది ఇదేదో చైనా నూడుల్స్ అనుకుని దాటేస్తారు. కాదు, ఇది అత్తో అనే బర్మా తిండి. మనవాళ్ల కష్టం కూడా ఇందులో కలిసి ఉంది.

రుచి అంతా కలపడంలోనే ఉంది కాబట్టి ముందు అది చూడండి. ఉడికించి, నూనె రాసి, ఆరబెట్టిన గోధుమ నూడుల్స్ రెండు గుప్పిళ్లు గిన్నెలో వేస్తారు. క్యాబేజీ గుప్పెడు, పచ్చి ఉల్లిపాయ కాస్త, ఉప్పు, ఎండుమిర్చి పలుకులు, చెంచాడు పుట్నాల పొడి, రెండు మూడు చెంచాల చింతపండు రసం, చెంచాన్నర వెల్లుల్లి నూనె. పైన చిదిమిన బేజో, అంటే మన చెక్కల్లా కరకరలాడేది. చివర్న వేయించిన ఉల్లిపాయ, కొత్తిమీర. కలిపేటప్పుడు పొయ్యితో పనే లేదు. వేళ్లతో అడుగునుంచి పైకి ఎత్తి ఎత్తి కలుపుతారు. బర్మా భాషలో ‘అథోక్’ అంటే అలా కలిపినదనే. మద్రాసులో అది అత్తో అయింది.

పుట్నాల పొడి చిన్న విషయంలా కనబడుతుంది కానీ ప్లేటుని నిలబెట్టేది అదే. పులుపుని పీల్చుకుని, నూనెతో కలిసి నూడుల్స్‌కి పట్టుకుంటుంది. పొడి తగ్గితే రసమంతా అడుక్కి దిగిపోతుంది, పైన చప్పగా, కింద పళ్లు పులిసేలా ఉంటుంది. ఎక్కువైతే గొంతుకి అడ్డం పడుతుంది. వెల్లుల్లి నూనె సంగతి ఇంకా సున్నితం. రేకలు బంగారు రంగుకి తిరగ్గానే దించేయాలి. అర నిమిషం ఆలస్యమైతే నల్లబడి నూనె చేదెక్కుతుంది, ఆ రోజు అమ్మిన ప్రతి ప్లేటులోనూ ఆ చేదు వస్తుంది. అందుకని బండి ఎంచుకునేటప్పుడు నూనె గిన్నెలోకి తొంగి చూడండి. వెల్లుల్లి ముదురు గోధుమ రంగులో ఉంటే పక్క బండికి వెళ్లండి. సముద్రపు గాలికి వేయించిన ఉల్లిపాయ గంటలో మెత్తబడుతుంది. డబ్బాలో మూతపెట్టి, కొంచెం కొంచెంగా బయటికి తీసే బండివాడికి పని తెలుసన్నమాట.

ఈ వంట ఇక్కడికి సరదాగా రాలేదు. బర్మాలోని రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలు. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద వాళ్లని అక్కడ కోరంగీలనేవారు. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె కడితే, ఓడల సరుకు ఎక్కించి దించే కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తీరి మనవాళ్లు తిరిగి రాగానే ఆ బర్మావాళ్లని పంపేశాయి. అక్కడ రాజుకున్న గొడవ ఊరంతా పాకి, రోజుల తరబడి హత్యలు జరిగాయి. ఒకే కూలి డబ్బుల కోసం రెండు పేద గుంపులను ఎదురెదురుగా నిలబెట్టినవాళ్లకి మాత్రం దెబ్బ తగల్లేదు.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. రేవు కూలీలు, పాకీ పనివాళ్లు పారిపోగానే నగరం నడవడం ఆగిపోయింది. 1942లో లక్షల మంది అరకాన్, మణిపూర్, అస్సాం దారుల్లో కాలినడకన బయలుదేరారు. కలరా, మలేరియా, ఆకలి ఎన్నో వేలమందిని దారిలోనే మింగేశాయి. యుద్ధం తర్వాత కొందరు తిరిగి వెళ్లి మళ్లీ నిలదొక్కుకున్నారు. 1962 మార్చిలో సైన్యం అధికారం పట్టింది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు, ఆ మే నెలలోనే 50, 100 చాట్ల (చాట్ అంటే బర్మా డబ్బు) నోట్లు చెల్లవన్నారు. అల్లర్లు పనిని తీసుకుపోతే, యుద్ధం మనుషుల్ని తీసుకుపోయింది. తర్వాత ఒక్క ప్రకటనతో కొట్టు, పెట్టెలో దాచిన డబ్బు రెండూ పోయాయి. ఓడలు మద్రాసులోనూ విశాఖలోనూ జనాన్ని దించాయి. కంచరపాలెం బర్మా క్యాంపు పేరు అలా వచ్చిందే. బర్మా భాషలో చదువుకున్న పిల్లలకి ఇక్కడి బడి కొత్త, పెద్దలకి ఇక్కడి బజారు కొత్త.

1969లో తిరిగొచ్చినవాళ్ల కోసం ఈ బీచ్ స్టేషన్ దగ్గరే బర్మా బజార్ పెట్టారు. దాని బలమంతా చోటులోనే ఉందని మా అభిప్రాయం. ఒక పక్క రేవు, ఒక పక్క స్టేషన్, నడిచే దూరంలో హైకోర్టు. ఊరి బయట ఇల్లు కట్టిచ్చి బేరం లేని చోట కూర్చోబెడితే ఏ కుటుంబమూ కోలుకోదు. అత్తో బండికి పెట్టుబడి కూడా తక్కువే: బండి, స్టవ్వు, నాలుగు బేసిన్లు, ఒక్కరోజు సరుకు. పెట్టుబడి తగ్గిన మేర ఇంట్లోవాళ్ల చాకిరీ పెరుగుతుంది. కిలోలకొద్దీ ఉల్లిపాయ తరగాలి, వేయించాలి. సూపులోకి అరటి దవ్వ కోసి, చక్రానికి చక్రానికి మధ్య సాగే పీచుని వేలికి చుట్టి తీసేయాలి, నల్లబడకుండా మజ్జిగ నీళ్లలో వేయాలి. ప్లేటు ధరలో ఈ గంటలను ఎవరూ లెక్కకట్టరు. పది రూపాయలు తగ్గించమని బేరమాడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

సూపు విషయానికొస్తే, బర్మాలో మొహింగా అనే నూడుల్స్ సూపుని చేపల పులుసుతో చేస్తారు. ఇక్కడ చాలా బళ్లలో చేప లేకుండా అరటి దవ్వతోనే కాచి అత్తోతో పాటు ఇస్తారు. శాకాహారులు అడిగి తాగడం మంచిది. దవ్వ పంటికి తగలాలి కానీ పీచు నాలుకకి చుట్టుకోకూడదు. గుడ్డు బేజో తప్పక తినండి: ఉడికిన గుడ్డుని చీల్చి, మధ్యలో వేయించిన ఉల్లిపాయ కూరి, చింతపండు రసం, వెల్లుల్లి నూనె పోస్తారు. ఒక్క ముద్దలో నోట్లో వేసుకోవాలి, కొరికితే చొక్కా పాడవుతుంది.

లోపాలూ ఉన్నాయి. క్యాబేజీ పచ్చిది, కలిపేది చేత్తో. గ్లౌజు వేసుకుని, అదే చేత్తో డబ్బులు తీసుకునే చోట తినకండి. కొన్ని బళ్లలో రంగు మరీ ఎక్కువ, వేళ్లకి అంటుకుంటుంది. కూర్చునే వీలు లేదు, పెద్దవాళ్లకి ఇబ్బందే.

కలిపిన అత్తో పార్సిల్ కట్టించుకోవద్దు. ఉప్పుకి క్యాబేజీ నీరు వదిలి అరగంటలో ముద్దవుతుంది. వెల్లుల్లి నూనె, చింతపండు రసం, బేజో, ఉల్లిపాయ విడిగా పొట్లాలు కట్టమనండి, పుట్నాల పొడి మాత్రం నూడుల్స్‌తోనే కలిపించండి. ఇంటికెళ్లాక ముందు నూనె, తర్వాత పులుపు, ఆఖర్న కరకరలు.