వడ్రంగి షెడ్డుకు బ్లాగు: ఆరేళ్లు వాడాక నా మాట

పాత కుర్చీలు, బల్లలు, తలుపులు బాగుచేయడం నా పని. నేను, నాతో ఇంకొకడు, ఒక షెడ్డు. వ్యాపారమంతా ఇంతే. దీనికి బ్లాగు ఎందుకని మొదట్లో తెలిసినవాళ్లందరూ నవ్వారు. 2019లో మొదలుపెట్టాను. ఇప్పుడు అడిగితే ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. మొదటి ఏడాది చివర్లో అడిగి ఉంటే ఒకటి వేసేవాణ్ణేమో.

మొదలుపెట్టింది ముందుచూపుతో కాదు, కడుపుమంటతో. అంతకుముందు బాగుచేసిన ప్రతి సామాను ఫొటోనూ ఒక సోషల్ మీడియా ఖాతాలో పెట్టేవాణ్ణి. ఒకరోజు పొద్దున చూసేసరికి ఖాతాకు తాళం పడి ఉంది. ఎందుకో చెప్పలేదు, రాసిన మెయిళ్లకు జవాబు లేదు. మూడేళ్ల పని ఫొటోలు గాల్లో కలిసిపోయాయి. ఖాతాల సంగతి అలా ఉంచండి, ఆ సైట్లకే గ్యారంటీ లేదు. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న. అందుకే సొంత డొమైన్ (సైట్ పేరు) కొని, హోస్టింగ్ (సైట్‌ను ఉంచే చోటు) తీసుకుని, బ్లాగు నడిపే వర్డ్‌ప్రెస్ పెట్టుకున్నాను. 2003 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్, ఉచితం. హోస్టింగ్ నచ్చకపోతే రాసినదంతా మూటగట్టుకుని ఇంకోచోటికి వెళ్లిపోవచ్చు. నేను ఒకసారి వెళ్లాను కూడా.

మొదటి ఏడాది శుద్ధ దండగ. ‘మా ప్రత్యేకతలు’, ‘ఇంటికి చెక్క సామాను అందం’ లాంటివి రాశాను. ఇప్పుడు చదివితే నాకే ఆవలింత వస్తుంది. గూగుల్‌లో వెతికి ఎంతమంది నా సైట్ మీద నొక్కారో చూపించే సెర్చ్ కన్సోల్‌లో చూస్తే మూడు నెలలకు 11 క్లిక్కులు. అందులో సగం నావే అయి ఉంటాయి.

దారి చూపించింది ఫోను. రోజూ వచ్చే కాల్స్‌లో ప్రశ్నలు మారవు, అడిగే గొంతులే మారతాయి. షెడ్డు గోడకు ఒక నోటుపుస్తకం వేలాడదీసి, ఎవరేం అడిగినా వాళ్ల మాటల్లోనే రాయడం మొదలుపెట్టాను. ‘పాలిష్ బల్ల మీద వేడిగిన్నె పెడితే తెల్ల మచ్చ పడింది, పోతుందా?’ అన్న ప్రశ్న ఒక్క నెలలో ఏడుసార్లు వచ్చింది. దాని మీద రాశాను.

అందులో ఉన్నది ఇదే. తెల్ల మచ్చ అంటే తేమ పాలిష్ పొరలో చిక్కుకుంది, చెక్క దాకా పోలేదు. దాని మీద పొడి నూలుగుడ్డ పరిచి, ఆవిరి ఆపేసి తక్కువ వేడి మీద పెట్టిన ఇస్త్రీపెట్టెను కొన్ని సెకన్లు ఆనించి తీయాలి, చూడాలి, మళ్లీ ఆనించాలి. చాలాసార్లు మచ్చ తేలిపోతుంది. మచ్చ నల్లగా ఉంటే మాత్రం కథ వేరు. నీళ్లు పాలిష్ దాటి చెక్కలోకి దిగాయి. అప్పుడు పాలిష్ గీకి, చెక్కకు మందు పట్టించి, మళ్లీ పాలిష్ వేయాలి. అది ఇంట్లో చేసుకునే పని కాదు. ఆ రెండు మచ్చలనూ పక్కపక్కన దగ్గరగా ఫొటో తీసి పెట్టాను. రాయడానికి ఒక సాయంత్రం పట్టింది, ఫొటోలకు రెండు.

‘ఉపాయం ఊరికే చెప్పేస్తే ఇక నీ దగ్గరికి ఎవరొస్తారు’ అని నాతో పనిచేసేవాడు గొణిగాడు. తెల్ల మచ్చవాళ్లు నిజంగానే రావడం మానేశారు. వాళ్లు వచ్చినా మాకు మిగిలేదేమీ లేదు, తిరుగుడే. నల్ల మచ్చవాళ్లు మాత్రం ఫొటో చూసి, ‘మాది రెండోది’ అని చెప్పి మరీ ఫోన్ చేస్తున్నారు. నేను వెళ్లి చూసి, నచ్చజెప్పి, బతిమాలే అవసరం లేకుండా పని సగం మాట్లాడేసినట్టే. ఆరేళ్లలో బ్లాగు వల్ల నాకు జరిగిన అసలు మేలు ఇదే. జనం పెరగడం కంటే, రాకూడని బేరాలు రాకుండా పోవడం.

ధర సంగతీ అంతే. ‘కుర్చీ బాగుచేయడానికి ఎంతవుతుంది?’ అంటే ‘చూసి చెప్తాం’ అనడం మా వృత్తిలో అందరికీ అలవాటు. ఈ విషయంలో నాకు ధైర్యం వచ్చింది అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఫైబర్‌గ్లాస్ ఈతకొలనులు అమర్చే రివర్ పూల్స్ అనే చిన్న కంపెనీ గురించి చదివాక. 2008 మాంద్యం దెబ్బకు మునిగిపోయే దశలో ఉంటే, దాని భాగస్వామి మార్కస్ షెరిడన్ కొనేవాళ్లు అడిగే ప్రశ్నలకు ఒక్కొక్కటిగా జవాబులు రాసుకుంటూ పోయాడు. పోటీవాళ్లు నోరు విప్పని ‘కొలనుకు ఎంతవుతుంది’ అనే ప్రశ్నకు కూడా. కంపెనీ నిలబడింది. నేనూ రాశాను. అంకె వేయలేదు కానీ, అంకె దేని మీద ఆధారపడుతుందో విప్పి చెప్పాను: ఏ చెక్క, ఎన్ని అతుకులు వదులయ్యాయి, పాత పాలిష్ మొత్తం తీయాలా, ఎన్ని కోటింగులు. అది చదివినవాళ్లు ఫోన్ చేసి ‘మాకు నాలుగు అతుకులు వదులయ్యాయండీ’ అని లెక్క వాళ్లే చెప్తారు. బేరమాడరని కాదు, ఆడతారు. ఆడేది పని తెలిసి ఆడతారు.

ఫొటోల గురించి ఒక ముక్క. మొదట్లో ఫోన్‌లో తీసినవి తీసినట్టే, ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలవి ఎక్కించాను. పేజీ తెరుచుకునేలోపు చూసేవాడు వెళ్లిపోయేవాడు. పేజీలో అన్నిటికంటే పెద్ద ఫొటో లేదా రాత 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ లెక్క. సైజు తగ్గించి, ఫొటోను తక్కువ ఎంబీల్లో ఇమిడ్చే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చాక గానీ నా పేజీలు ఆ గీత దాటలేదు. 2021లో వచ్చిన 5.8 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ ఈ ఫార్మాట్‌ను నేరుగా తీసుకుంటోంది.

ఇక పోయిన ఆ ఒక్క మార్కు. రెండో ఏడాది ఓపిక నశించి, ‘మొదటి పేజీలో తెప్పిస్తా’నన్న ఒకతనికి డబ్బు కట్టాను. 20 వ్యాసాలు రాసిపెట్టాడు. ప్రతి వాక్యంలో ‘ఉత్తమ ఫర్నిచర్ రిపేర్’ అనే మాట, పూజలో నామావళిలాగా. సెర్చ్ కన్సోల్‌లో గీత పైకి పోయింది, ఫోను మాత్రం మోగలేదు. తర్వాత అన్నీ నేనే తీసేశాను. స్వయంగా అనుభవం ఉన్నవాళ్లు రాసిన సమాచారానికి విలువ ఉంటుందని గూగుల్ 2022 డిసెంబరులో తన మార్గదర్శకాల్లోనే చేర్చింది. బల్ల ముట్టుకోని మనిషి బల్ల గురించి రాస్తే చదివేవాడికి మూడో వాక్యంలో తెలిసిపోతుందని నాకు డబ్బు పోయాక తెలిసింది.

ఇంకోటి, హోస్టింగ్‌వాళ్లిచ్చే ఉచిత భద్రతా సర్టిఫికెట్ (సైట్‌కు కనెక్షన్ సురక్షితమని బ్రౌజర్‌కు చూపించేది). నాది 90 రోజుల గడువు తీరేలోపు దానంతటదే రెన్యూ కావాలి. ఒకసారి కాలేదు. సైట్ తెరిస్తే ‘ఇది సురక్షితం కాదు’ అని ఎర్రటి హెచ్చరిక. నాలుగు రోజులు అలాగే ఉంది, ఒక పాత కస్టమర్ ఫోన్ చేసి చెప్పేదాకా నాకు తెలీదు. ఈ టెన్షన్ సోషల్ మీడియా ఖాతాలో ఉండదు, ఒప్పుకుంటాను. సెర్చ్ కన్సోల్ కూడా 16 నెలల లెక్కలే చూపిస్తుంది. దింపి పెట్టుకోవాలని తెలియక మొదటి రెండేళ్లవి పోగొట్టుకున్నాను. తప్పు నాదే.

2024 నుంచి సెర్చ్ ఫలితాల పైనే ఏఐ రాసిన జవాబు కనిపించడం మొదలయ్యాక తెల్ల మచ్చ వ్యాసానికి క్లిక్కులు బాగా పడిపోయాయి. ఇస్త్రీపెట్టె ఉపాయం అక్కడే దొరికేస్తుంటే లోపలికి ఎవరొస్తారు? మొదట గుండె జారింది. నాలుగైదు నెలలు నోటుపుస్తకంలో కాల్స్ లెక్కపెట్టుకుంటే అవి అంత తగ్గలేదు. వచ్చేవాళ్లు ఇప్పుడు నేను చేసిన పనుల ఫొటోలు, ధర వ్యాసం చూసి వస్తున్నారు. అందుకని ‘ఎలా చేయాలి’ అనేవి తగ్గించి, ఒక్కో పని గురించి మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. చెడిపోయిన పనులతో సహా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వారానికొకటి రాయాలని ఒట్టు పెట్టుకోవద్దు. నేను నెలకొకటి కూడా రాయని ఏళ్లున్నాయి. పాతవి దిద్దడానికే ఎక్కువ సమయం పెడతాను. ఈ వారమే డబ్బు కావాలనుకునేవాళ్లకైతే ఇది పనికిరాదు, ఆ సాయంత్రం పాత కస్టమర్లకు నాలుగు ఫోన్లు చేసుకోవడం మేలు.

బ్లాగు వల్ల వచ్చే ఒక ఇబ్బంది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. పోయిన వానాకాలంలో పని పల్చగా ఉన్న రోజు, ఒకాయన తలుపు బిగుసుకుపోయిందని పిలిచాడు. చిత్రిక సంచిలోంచి తీశాను. ఆయన ఫోన్ తీసి నేను రాసిందే నాకు చదివి వినిపించాడు: ‘వానలకు చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. ఇప్పుడు చిత్రిక పడితే ఎండలు వచ్చేసరికి సందు పడుతుంది. ఎండలదాకా ఆగండి.’

“మీరే రాశారు కదండీ,” అన్నాడు, “మరి ఇప్పుడెందుకు తీస్తున్నారు?”

చిత్రిక మళ్లీ సంచిలో పెట్టాను. తలుపు అంచుకు కొవ్వొత్తి రుద్ది, కాస్త తేలిగ్గా జరిగేలా చేసి, డబ్బు తీసుకోకుండా వచ్చేశాను. ఎండలు ముదిరాక ఆయనే పిలిచాడు. తలుపు బాగానే ఉంది, దాని పని పడలేదు. డైనింగ్ టేబుల్ కాలు ఊగుతోందట.